కొండజెముడు కాళ్ళకు పారాణి

ఒకప్పుడు కొండజెముడు నెత్తిమీద పూసేది. వింతగా ఉంది కదూ? అయినా నిజమే. నడినెత్తిన ఒకే ఒక్క ఎర్రపువ్వు పెట్టుకుని, పేరంటానికి వచ్చిన ముత్తైదువలా కుదురుగా కూర్చునేది.

ఎక్కడ కూర్చునేదంటారా? మబ్బులు కూడా ఆయాసంతో ఆగిపోయే కొండల మీద. అక్కడ చెట్టూ లేదు, పుట్టా లేదు. బండల పగుళ్ళలో చారెడు మట్టి, ఆ మట్టిలో నిమ్మకాయంత కొండజెముడు. పగలంతా సూరీడు మాడ్చేవాడు. పొద్దుగూకితే చలిగాలి ఒళ్ళు కోసేది. వాన సంగతి అడక్కండి, దానికి దయ కలిగినప్పుడు పడేది. ఇంత జరుగుతున్నా ఆ బుడ్డది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేది. ఒంటినిండా ముళ్ళు కప్పుకుని, వేళకు మొగ్గ తొడిగి, వేళకు పూసేది. అలాంటి గుండె ఎంతమందికి ఉంటుంది చెప్పండి?

దానికి ఒకటే కొరత. పేరు లేదు.

కొండజెముడు అన్నది ఉంది కదా అంటారేమో. అది జాతి పేరు. మిమ్మల్ని ఎవరైనా "ఓ మనిషీ" అని పిలిస్తే బాగుంటుందా? బాగుండదు. చలిగాలి దాన్ని "ఓయ్" అని ఈల వేసి పిలిచేది. బండ అసలు పిలిచేదే కాదు. తనను పేరు పెట్టి పిలిచే నోరు ఈ లోకంలో ఒక్కటైనా ఉంటే బాగుండునని కొండజెముడు రోజూ అనుకునేది.

ఒక ఏడాది చలి తగ్గే రోజుల్లో, తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ నూకాలు ఆ కొండ ఎక్కింది. నూకాలుది కొండ దిగువన పల్లె. అత్త గవరమ్మతో కలిసి పూలతోట పెంచి, చుట్టుపక్కల ఊళ్ళకు మొక్కలు ఇస్తుంది. మొక్క కనపడితే పలకరించకుండా పోయే మనిషి కాదు.

బండ పగులులో ఎర్రపువ్వు చూసి ఆమె అక్కడే ఆగిపోయింది. మేకపిల్ల వచ్చి కొంగు నములుతున్నా చూసుకోలేదు.

"ఏమే బుడ్డీ, ఇంత చలిలో ఎలా పూశావే?" అని అడిగింది.

"వేళ వచ్చింది, పూశాను. అందులో ఏముంది అక్కా?" అంది కొండజెముడు.

"ఏముందా? మా తోటలో మల్లెకు కాస్త మంచు తగిలితే చాలు, నెలంతా అలిగి కూర్చుంటుంది. నువ్వు ఇంతలేవు, నీకు ఎంత ధైర్యమే."

ఆ పొగడ్త కొండజెముడు చెవికి ఎక్కలేదు. వేరే మాట ఎక్కింది. "మల్లె అన్నావు. అది దాని పేరా?"

"అది జాతి పేరు. మా మల్లె పేరు సన్నాయి. మా తోటలో పేరు లేని మొక్క ఉండదు. బారసాల చేసి మరీ పెడతాం."

"అయితే నన్నూ తీసుకుపో" అంది కొండజెముడు. నూకాలు మారుమాట లేకుండా, వేళ్ళు తెగకుండా మట్టితో సహా పెళ్ళగించి, కొంగులో పెట్టుకుని కొండ దిగింది.

ఇప్పుడు ఆ తోట పద్ధతి చెప్పాలి. మొక్క తొలిసారి పూసినరోజున ఇరుగుపొరుగు అమ్మలక్కలను పిలుస్తారు. పళ్ళెంలో బియ్యం పోస్తారు. మొక్క మొదట్లో పసుపునీళ్ళు చల్లుతారు. పెంచిన మనిషి వంగి, పెదవి పూరేకకు ఆనించి, పసిబిడ్డ చెవిలో చెప్పినట్టు పేరు మూడుసార్లు చెప్పాలి. మధ్యలో ఇంకో మాట దొర్లకూడదు. దొర్లిందా, ఆ పువ్వుకు ఇక అంతే. మళ్ళీ పూసేదాకా ఆగాలి.

అన్నిటికంటే గట్టి నియమం ఇంకోటి ఉంది. ఉగాది ముందురోజున తోట దులుపుతారు. అప్పటికి పేరు రాని మొక్క ఎరువుగుంటలోకి పోవాల్సిందే. ఈ నియమం గవరమ్మది. ఆమె మాటకు తిరుగులేదు.

ఎరువుగుంట సంగతి విని కొండజెముడు కంగారుపడింది. "ఎండకు చావను అక్కా, చలికి చావను. ఆ తడిలో వేశారంటే మాత్రం కుళ్ళిపోతాను."

"అంతవరకూ ఎందుకు వస్తుందే? నువ్వు పూయి చాలు. నేను చూసుకుంటాను" అంది నూకాలు.

కొండ మీది పువ్వు దారిలోనే వాడిపోయింది. పాపం బుడ్డది ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుంటే ఇంకో రెండు మొగ్గలకు వస్తుంది, అంతే. మొదటి మొగ్గ నెత్తిమీద తొడిగింది. ఒక ఎండపొద్దున అది విచ్చుకుంది. అమ్మలక్కలంతా వచ్చారు. ఇంత చిన్న ఒంటికి అంత పెద్ద పువ్వేమిటని బుగ్గలు నొక్కుకున్నారు.

నెత్తిన పూసింది కనక కిరీటం అని పేరు పెడదామనుకుంది నూకాలు. వంగింది. పెదవి రేకకు ఆనించింది. "కిరీటం" అంది. రెండోసారి "కిరీ" అనేసరికి పువ్వు చుట్టూ ఉన్న ముల్లు ఒకటి పైపెదవిలో దిగింది.

"అబ్బా!" అంది నూకాలు.

"చెల్లదు" అంది గవరమ్మ.

అమ్మలక్కలు నవ్వారు. పసుపునీళ్ళ చెంబు పట్టుకుని గవరమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అందరూ పోయాక నూకాలు పెదవి అదుముకుంటూ మొక్క పక్కన కూలబడింది.

"నెత్తురొచ్చింది కదా అక్కా" అంది కొండజెముడు. దానికి సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెట్టుకోవడానికి తల తప్ప ఇంకేమీ లేని మొక్క మరి. "ఇంకో మొగ్గ ఉంది. ఈలోగా ఈ ముళ్ళన్నీ పీకెయ్. నున్నగా ఉంటాను. అప్పుడు గుచ్చుకోవు."

నూకాలు ఇంట్లోకి వెళ్ళి ముళ్ళు తీసే చిమటా తెచ్చింది. ఒక ముల్లు పట్టుకుని లాగింది. ఆ చోట లేతచర్మం బయటపడింది. అంతలోనే అక్కడ ఎర్రగా కమిలింది.

"ఆగమ్మా" అన్నాడు పైనుంచి సూరీడు. "దానికి ఆ ముళ్ళే గొడుగు. అన్నీ పీకావంటే సాయంత్రానికి మాడిపోతుంది. తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు. కాయడం నా పని, కాస్తాను."

నూకాలు చిమటా అవతల పడేసింది. "నీ గొడుగు లాక్కుని నీకు పేరు పెట్టనా? నావల్ల కాదు. రేపే నిన్ను కొండమీద దింపేసి వస్తాను, బతికి బట్టకడతావు."

"బతకడం నాకు వచ్చు అక్కా, ఎక్కడైనా బతుకుతాను" అంది కొండజెముడు. "పేరే, నాకు నేను పెట్టుకోలేనిది."

ఆ మాటకు నూకాలుకు ఏడుపొచ్చింది. కొండమీద దింపే మాట వదిలేసి అక్కడే కూర్చుంది. చీకటి పడ్డాక అత్త పిలిస్తే లేచి వెళ్ళింది.

కొండజెముడు మాత్రం ఆలోచన మానలేదు. పువ్వు నెత్తిన పూస్తే ముళ్ళు గుచ్చుకుంటాయి. ముళ్ళు తీస్తే ఎండ మాడుస్తుంది. మరి ఒంటిమీద ముళ్ళు లేని చోటేది? మట్టికి ఆనిన చోట, కాళ్ళ దగ్గర, ముళ్ళు పలచగా ఉన్నాయి. అక్కడ పూస్తే?

ఇంతవరకూ ఏ కొండజెముడూ చెయ్యని పని అది. మొగ్గ పైకి పోవడం దాని గుణం. కిందికి నెట్టడమంటే ఏటికి ఎదురీదడమే. అయినా అది మొగ్గను నెత్తినుంచి మళ్ళించి, ఒంటి మడతల సందులోంచి కిందికి నెట్టడం మొదలుపెట్టింది.

"నీకు తిక్కగాని పట్టిందా?" అన్నాడు తెల్లారి వచ్చిన సూరీడు. "పువ్వన్నాక నావైపు చూడాలి. కింద పూస్తే నాకు ఎలా కనపడుతుంది?"

"నీకు కనపడకపోతే కనపడకపోనీ తాతా. ఆవిడ మూతికి ముల్లు దిగకుండా ఉంటే నాకదే చాలు" అంది కొండజెముడు.

మొగ్గ దిగుతుంటే కొండజెముడుకు ఒళ్ళంతా చీల్చినట్టు నొప్పిగా ఉంది. బలం సగం అయిపోయింది. ఒంటి రంగు పాలిపోయింది. అటు ఉగాది ముంచుకొస్తోంది. నూకాలు రోజూ వచ్చి దాని నెత్తివైపు చూసేది. అక్కడ ఏమీ ఉండేది కాదు. "ఒక్క మొగ్గైనా తొడగవే తల్లీ" అని బతిమాలేది. కొండజెముడు జవాబు చెప్పేది కాదు. నోరు తెరిస్తే పట్టు జారి మొగ్గ మళ్ళీ పైకి పోతుందని దాని భయం.

ఉగాది ముందురోజు రానే వచ్చింది. గవరమ్మ ఒక చేత్తో గంప, ఇంకో చేత్తో బొరిగె పట్టుకుని తోటలోకి దిగింది. పూయని గన్నేరును పెరికింది. ముడుచుకుపోయిన గులాబీని పెరికింది. గవరమ్మ కొండజెముడు దగ్గరకు వచ్చి నిలబడింది. నెత్తివైపు చూసింది. బోడి.

"అత్తా, ఇంకొక్క వారం ఆగండి" అంది నూకాలు, అడ్డంగా నిలబడి.

"నా పుట్టింటి నుంచి వచ్చిన గన్నేరు ఇప్పుడే గంపలో పడింది, చూశావు కదా. దానికి లేని వారం దీనికి ఎక్కణ్ణుంచి తేను?"

"అది కొండమీద ఎలా పూసిందో మీరు చూడలేదు అత్తా. చూసుంటే మీ చెయ్యి ఆడేది కాదు."

"ఉన్నమాట చెప్పనా? నాకూ ముచ్చటగానే ఉంది. కానీ ముచ్చటైనవాటికో న్యాయం, మిగతావాటికో న్యాయం అయితే రేపు నా మాట ఏ మొక్క వింటుంది? తప్పుకో."

నూకాలు తప్పుకుంది. అత్త మాటలో న్యాయం ఉంది, అదే ఆమెను ఎక్కువ ఏడిపించింది. మొహం అటు తిప్పుకుని నిలబడింది.

నిమ్మకాయంత మొక్కను నిలబడి పెరకలేరు కదా. గవరమ్మకు మోకాళ్ళ నొప్పులు. అమ్మా అయ్యా అనుకుంటూ నేలమీద చతికిలబడింది. ముళ్ళు తగలకుండా బొరిగె కిందినుంచి పెట్టాలని బాగా ముందుకు వంగింది. బొరిగె మట్టిని తాకబోయి ఆగిపోయింది.

గవరమ్మ బొరిగె పక్కన పెట్టి, ఇంకా కిందికి వంగింది. నూకాలుకు భయమేసింది. "ఏమైంది అత్తా, ముల్లు దిగిందా?"

"కోడలా, ఇలా రా" అంది గవరమ్మ. "నిలబడితే కనపడదు. కూర్చో. అలా కాదు, ఇంకా కిందికి. చెంప మట్టికి ఆనించు."

నూకాలు చెంప మట్టికి ఆనించింది. అప్పుడు కనపడింది. కొండజెముడు కాళ్ళ దగ్గర, మట్టిని ఆనుకుని, ఎర్రటి పువ్వు ఒకటి పక్కకు విచ్చుకుని ఉంది. దాని చుట్టూ ఒక్క ముల్లైనా అడ్డు లేదు. ఏ పువ్వూ దిగని దారిన దిగి, తనకోసం అక్కడికి వచ్చి కూర్చుందని నూకాలుకు తెలిసిపోయింది. కళ్ళు నిండిపోయాయి. ఏడిస్తే మాట తడబడుతుందని దిగమింగుకుంది.

కిరీటం అన్న పేరు ఇప్పుడు ఎలా అతుకుతుంది? ఎర్రదనం కాళ్ళకు దిగాక దాన్నేమంటారో పెళ్ళికూతుళ్ళను చూసినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. నూకాలు పెదవి రేకకు ఆనించింది.

"పారాణి" అంది. "పారాణి. పారాణి."

ఏ ముల్లూ గుచ్చుకోలేదు. ఏ మాటా మధ్యలో దొర్లలేదు.

"ఊఁ" అంది కొండజెముడు. పుట్టిన తర్వాత పేరు పెట్టి పిలిచిన పిలుపుకు అది పలికిన మొదటి పలుకు అదే.

"చెల్లింది" అంది గవరమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "చూస్తావేం, పసుపునీళ్ళు తే. ముందు నన్ను లేపు."

పారాణి అన్నాక ఒక వేలికి పెట్టుకుని ఊరుకుంటారా? మరుసటేడు పారాణి కాళ్ళ చుట్టూ వరసగా పూసింది. చుట్టూ బుల్లి పిల్లల్ని కూడా పెట్టింది. ఆ పిల్లల్ని అడిగి తీసుకెళ్ళని ఇల్లు లేదు. ఒక ఇంట పసుప్పచ్చగా పూసింది, దానికి గుమ్మడి అని పేరు పెట్టారు. ఒక ఇంట నారింజరంగులో పూసింది, దాన్ని సందెపొద్దు అన్నారు. పొరుగూరి మునసబుగారు మాత్రం జరీపంచె నలుగుతుందని నిలబడే పేరు పెట్టబోయారు. మొక్క పలకలేదు. కాస్త వంగారు, పలకలేదు. చివరికి పంచె ఎగ్గట్టి, నేలకు చెంప ఆనించి పిలిస్తే అప్పుడు పలికింది. లేచేసరికి మునసబుగారి మీసాలకు మట్టి అంటింది, మొహంలో మాత్రం సంతోషమే ఉంది.

అప్పటినుంచే కొండజెముడు నెత్తిన పూయడం మానేసి, కాళ్ళ చుట్టూ పూస్తోంది. అప్పటినుంచే, ఎంత గొప్పవాళ్ళయినా సరే, దానికి పేరు పెట్టాలంటే ముందు దాని ముందు నేలమీద కూర్చోవాల్సిందే.