మిత్రరాజ్యం పంపిన వడ్లు

కీర్తిసేనుడు విహారం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"మోసం చేశారు భంతే, నన్ను మోసం చేశారు!"

అతను ఎగువనాటి రాజదూత. చిన్నప్పుడు ఇక్కడే, ధమ్మనంది భిక్షువు దగ్గర చదువుకున్నాడు. మూడేళ్లు సాగిన యుద్ధంలో ఎగువనాడు తన మిత్రరాజ్యమైన దిగువనాటికి వెయ్యి గుర్రాలు, నలభై పడవల వడ్లు పంపింది. పోరు మాత్రం దిగువనాటి నేల మీదే జరిగింది. చివరికి శత్రువు పారిపోయాడు. ఇప్పుడు ఆ సాయాన్ని తిరిగి తీర్చే విషయమై రెండు దేశాల దూతలూ ఈ విహారంలోనే పన్నెండు రోజులుగా వాదించుకుంటున్నారు.

"ఏమైంది?" అన్నాడు గురువు.

"చచ్చిన గుర్రాల ఊసెత్తొద్దన్నారు, ఎత్తలేదు. వడ్లకి మూడేళ్ల గడువు అడిగారు. ముందు ఒక్క పడవ పంపండి, ఆ తర్వాత నమ్ముతాం అన్నాను. ఈ పొద్దున వచ్చింది. నూరు బస్తాలకి తొంభై ఆరే ఉన్నాయి! మా వాళ్లు పస్తులుండి పంపిన తిండి భంతే అది. ఇక మాటల్లేవు. రాజుగారికి కబురు పంపుతున్నాను. సైన్యమే వెళ్లి కొలిపించుకొస్తుంది."

గురువు లేచాడు. "పద, చూద్దాం."

విహారం కింది ఏటి రేవులో ఒక ఆడమనిషి పడవలోంచి బస్తాలు దించుతోంది. కీర్తిసేనుణ్ణి చూడగానే చేతిలో బస్తా ధబీమని కింద పడేసింది.

"మళ్లీ లెక్కపెట్టుకోడానికొచ్చారా? పెట్టుకోండి. ఊళ్లో ఇళ్లన్నీ ఊడ్చినా ఇంతే వచ్చాయి."

"మగవాళ్లెవరూ రాలేదేం తల్లీ?" అన్నాడు గురువు.

"ఎవరున్నారు సామీ? ఈయనగారి గుర్రాలెక్కి పోయినవాళ్లు ఒక్కడూ తిరిగి రాలేదు. మా ఆయనతో సహా."

"మేమూ కష్టపడ్డాం," అన్నాడు కీర్తిసేనుడు గొంతు పెంచి.

గురువు కింద పడ్డ బస్తా దగ్గర కూర్చున్నాడు. పిగిలిన కుట్టులోంచి గుప్పెడు గింజలు తీసి శిష్యుడి అరచేతిలో పోశాడు.

గింజలకి బూడిద అంటుకుని ఉంది. మధ్యమధ్య, పురుగు పట్టకుండా వేసిన ఎండిన వేపాకులు.

కీర్తిసేనుడు ఒక గింజని బొటనవేలితో రుద్ది చూశాడు.

"ఇవి విత్తనాలు," అన్నాడు.

"విత్తనాలే. తినే వడ్లు ఎప్పుడో అయిపోయాయి," అంది ఆమె. "తీసుకెళ్లి వండుకోండి. కడిగితే బూడిద పోతుంది."

గురువు దవడలు బిగుసుకున్నాయి. ఆయనకి కోపం రావడం కీర్తిసేనుడు ఏనాడూ చూడలేదు. ఆయన బురదలో మోకాళ్ల మీద వంగి, ఒలికిన గింజల్ని ఒక్కొక్కటే ఏరసాగాడు.

శిష్యుడు నిలబడే చూశాడు. తర్వాత తనూ వంగాడు.

చాలాసేపటికి నెమ్మదిగా అన్నాడు. "ఈ పడవ తిప్పి పంపితే రాజుగారు నన్ను క్షమించరు."

"క్షమించరు," అన్నాడు గురువు తలెత్తకుండా. "విత్తే అదను ఇంకా పది రోజులే ఉంది."

కీర్తిసేనుడు రాజముద్ర ఉన్న ఉత్తరీయం తీసి ఒడ్డున పడేశాడు. దించిన బస్తాల్లో ఒకదాన్ని భుజానికెత్తుకుని పడవ వైపు నడిచాడు.