లోపలి బంగారం

నాంచారి ఎవరితోనూ అనని మాట ఒకటుంది. రాజుగారి లేహ్యం గిన్నె కడిగే ముందు, అడుగున మిగిలింది ఆయన బంగారు చెంచాతోనే గీకి, నెలరోజులు తనూ నాకింది. నిగనిగలాడిపోదామని ఆశ. కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే వాంతి, ఒళ్ళంతా దురద. హడలిపోయి మానేసింది. మెల్లిగా తెరిపిన పడింది.

రాజుగారి మందు ముట్టుకుంటే వేలు తీసేస్తారు. అందుకే నోరు మెదపలేదు.

ఇంతలో రాజు ప్రతాపభూపతికి నిండు కొలువులో ఓ ముచ్చట పుట్టింది.

"మన రాజవైద్యులు మార్తాండభట్టుగారి యవ్వన లేహ్యం రేపట్నుంచి మీరంతా తినాలి. చూడండి నా రంగు!"

చూశారు. ముగ్గిన నిమ్మపండులా ఉన్నాడు.

"లోపలి బంగారం పైకి తేలుతోంది ప్రభూ," అన్నాడు భట్టు. "అన్నీ ఆకులూ వేళ్ళే, చెరుపు చేయడానికేముంది? నేనూ రోజూ మూడు ఉండలు మింగుతాను."

"మరి తమరికి తేలలేదేంటండయ్యా?" అంది నాంచారి, మజ్జిగ అందిస్తూ.

"గిన్నెలు కడిగేదానివి, నీకెందుకే వైద్యం? ఆ మజ్జిగ ఇలా పొయ్యి!"

భట్టు రెండు ముంతలు గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు.

"పొద్దున తమరు లేహ్యం మరిచారేమోనని అందులోనే కలిపేశానండయ్యా. మూడు ఉండలు."

"మూడా! చంపేశావు కదే! నా కాలేయం కుళ్ళిపోతుంది! ఉప్పునీళ్ళు తెండి!" భట్టు గొంతులో వేళ్ళు పెట్టుకుని స్తంభం చాటుకి పరిగెత్తాడు.

"భట్టూ, రోజూ మింగుతానన్నావుగా?"

"నాకు పెళ్ళాం బిడ్డలున్నారు ప్రభూ!"

నాంచారి చేతులు కట్టుకుంది.

"కంగారుపడకండయ్యా. అల్లం, కరివేపాకు తప్ప ఏమీ కలపలేదు. ఆకులూ వేళ్ళేగా, చెరుపు చేయడానికేముంది?"

కొలువు ఘొల్లుమంది. రాజు మాత్రం నవ్వలేదు. కుడి డొక్క తడుముకుంటున్నాడు.

"ఇప్పుడు మానేస్తే నా కళ్ళు తెల్లబడతాయా? ఎవరైనా చెప్పండి."

తెలిసింది ఒక్కతికే. నాంచారి తన వేళ్ళకేసి ఓసారి చూసుకుంది.

"నావి తెల్లబడ్డాయి ప్రభూ. నెల్లాళ్ళు మీ చెంచా నేనూ నాకాను. మానేశాకే మనిషినయ్యాను."

రాజు ఆమె తెల్లటి కళ్ళలోకి చాలాసేపు చూశాడు. చివరికి పకపకా నవ్వి, లేహ్యం జాడీని గోతిలో, భట్టుని కోట బయట పారేయమన్నాడు.

"ఆ చెంచా ఇక నీదే. పట్టుకోవడానికి వేళ్ళన్నీ ఉండాలిగా, అవీ ఉంచుకో!"