పెట్టెతో పాటు ఇవ్వాల్సింది

బోడికొండ కింద మేకల దొడ్డిలో మూడు రోజులుగా ఎవరికీ కంటి మీద కునుకు లేదు. చిరుత కొండ దిగింది. కంచె చుట్టూ దాని అడుగులు కనిపిస్తున్నాయి. ఆ అడుగుల చప్పుడు వినగానే కూయాల్సిన సైరన్ పెట్టె మాత్రం నోరు మెదపడం లేదు. దొడ్డికి పెద్ద సింహాచలమ్మ. పేరులో సింహం ఉందన్న మాటే గాని ఆవిడా మేకే. ఆవిడకి వారం కిందట పుట్టిన మనవలు ఇద్దరు. వాళ్లకింకా పరుగు రాదు.

ఆ పెట్టె పైడిరాజు అనే నక్క అమ్మినది. లోపలి ప్రోగ్రాం రాసింది మాత్రం ముళ్లపంది గవరయ్య. ఆయన దాన్ని అడవికంతా ఉచితంగా ఇచ్చి, లైసెన్సులో ఒక్క షరతు పెట్టాడు. దీన్ని పెట్టెలో ఎక్కించి ఎవరికిచ్చినా, వాళ్లడిగితే సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత కూడా ఇవ్వాలి, మీరు చేసిన మార్పులతో సహా. పెట్టె మొరాయిస్తే వాళ్లే బాగు చేసుకోగలగాలి కదా మరి. పైడిరాజు ఆ లైసెన్సు కాగితం చింపేసి, పెట్టెకి సీలు వేసి, అంతా తన బుర్రలోంచే వచ్చిందని గొప్పలు పోయాడు.

ఆ ప్రోగ్రాం ఎవరిదో అడవికంతా తెలుసు గనక సింహాచలమ్మ వెళ్లి కోడ్ అడిగితే, అది మా ఇంటి రహస్యం, కొత్త పెట్టె కొనుక్కో అన్నాడు. ఆవిడ సరాసరి గవరయ్యను వెంటబెట్టుకొచ్చింది. ఆయన్ని చూడగానే నక్క మాట మారింది. అడగడమే ఆలస్యం అన్నట్టు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి, మీరే ఎక్కించి చూసుకోండంటూ దర్జాగా దొడ్డిలోకి వచ్చి కూర్చున్నాడు.

గవరయ్య లాప్‌టాప్ తీసి ఎక్కించాడు. పెట్టె కిక్కురుమనలేదు. పొద్దు వాలిపోతోంది. పైన ఎక్కడో రాళ్లు దొర్లాయి. పిల్లలు తల్లి పొట్ట కిందికి దూరారు.

"ఇది నేను రాసిందే, అక్షరం మారలేదు," అన్నాడు గవరయ్య. "కానీ నీ పెట్టెకున్న మైకు వేరు. దాన్ని పనిచేయించే కోడ్ ఇందులో లేదు. పెట్టెలో ఏది ఎక్కించి అమ్మావో అది ఇవ్వు."

అంతకు మించి లేదని నక్క ఒట్టు పెట్టుకుని లేవబోయాడు. అప్పటికే సింహాచలమ్మ గడియ వేసేసింది. గవరయ్య ముళ్లు విప్పుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

"లేకపోతే లేదులే నాయనా," అంది ఆవిడ. "ఈ పూటకి మాతోనే ఉండిపో. నీ పెట్టె మీద నీకు నమ్మకమే కదా."

మళ్లీ రాళ్లు దొర్లాయి, ఈసారి కంచె దగ్గరే. చిరుతకి మేకైనా ఒకటే, నక్కైనా ఒకటే. పైడిరాజు గబగబా సంచి అడుగు నుంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో కోడ్ చదువుతూ గవరయ్య ఒకచోట ఆగాడు. మూడు నెలలు నిండగానే కూత ఆపేయమని అక్కడ ఒక వరుస ఉంది. కొత్త పెట్టెలు అమ్ముడుపోవాలిగా. ఆ సంగతి విన్న సింహాచలమ్మకి కోపం కంటే ఏడుపే ఎక్కువొచ్చింది.

గవరయ్య ఆ వరుస కొట్టేసి ఎక్కించాడో లేదో, పెట్టె కొండ దద్దరిల్లేలా కూసింది. కంచె అవతల పొదలు కదిలాయి. చిరుత వచ్చిన దారినే కొండెక్కిపోయింది.

గవరయ్య గడియ తీశాడు.

"షరతు తప్పావు పైడిరాజూ. ఇవాళ్టి నుంచి నా ప్రోగ్రాం పెట్టెలో పెట్టి అమ్మే హక్కు నీకు లేదు."

మర్నాటికల్లా ఆ కోడ్ అడవిలో ప్రతి దొడ్డికీ చేరింది. ఎవరి పెట్టె వాళ్లే బాగు చేసుకున్నారు. సీలు వేసిన పెట్టెలు నక్క ఇంట్లోనే గుట్టగా ఉండిపోయాయి.

నీతి: ఒకరు పంచిపెట్టిన దాన్ని అమ్ముకోవచ్చు గాని, పంచమన్న షరతును దాచుకోకూడదు.