నైరుతి మూల బావి

వెనకటికి గంగవాడ అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే గంగయరాజుకు శత్రుభయం లేదు, ధనానికి కొదవ లేదు. ఉన్నదల్లా ఒకే బాధ. తన ఎదుట ఎవరైనా ఇంకొకర్ని మెచ్చుకుంటే ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆయన కొలువులో పోలన్న అని, భూములు కొలిచి మట్టి పరీక్షించే ఉద్యోగి ఉండేవాడు. చేలో మొలిచిన పిచ్చిమొక్కల్ని చూసి, పలుగు దించకుండానే, ఎక్కడ నీళ్లు పడతాయో చెప్పేవాడు. చెప్పినచోట పడేవి. ఓ రోజు భోజనం దగ్గర రాణి, "పోలన్నవి మామూలు కళ్లు కావండీ" అంది. రాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడే శాసనం వెలువడింది. కొలత గొలుసు వేసే ముందు, మట్టి తీసే ముందు, చేలో ఉన్న మొక్కా మోడూ అంతా కొట్టించి అక్కడే తగలబెట్టాలి. గరికపోచ మిగిలినా నేరమే.

"గొలుసు సాగే దారిలో రెండు మూరల వెడల్పున కొట్టిస్తే చాలు ప్రభూ. చేనంతా బోడి చేస్తే నేల సంగతి నాకెలా తెలుస్తుంది?" అన్నాడు పోలన్న.

"తెలియకపోతే ఒప్పుకో! నేతగాళ్ల పేట వెనక చేలో బావి తవ్వించాలి. ఎల్లుండి వచ్చి చోటు చూపించు. తప్పావా, కొలువూ పోతుంది, మాన్యమూ పోతుంది."

ఆ చేలో నైరుతి మూల ఎప్పుడో ఒక బావి ఉండేదనీ, అది పూడిపోయిందనీ ఒక ముసలి గొర్రెలకాపరి రాజుకు రహస్యంగా చెప్పాడు. వాస్తుశాస్త్రం తెలిసినవాళ్లెవరూ బావికి ఎంచుకోని మూల అది. అయినా కూలీలు ఏ మొక్కైనా వదిలేస్తారేమోనని రాజుకు నమ్మకం చాలక, అనుకున్న రోజున తెల్లవారగానే తనే వెళ్లి, ఆ మూల కూలీల మధ్య నిలబడి మరీ కొట్టించాడు.

పోలన్న వచ్చేసరికి చేను గుండు గీయించినట్టుంది. ఎటు చూసినా బూడిద. అతడు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి వట్టి చేతులతో తిరిగివచ్చాడు. గొడుగు కింద కూర్చున్న రాజుకు కడుపు నిండినట్టయింది.

పోలన్న రాజువైపు తిరగలేదు. పక్కనున్న, సేనను నడిపే దళవాయి వీరపనాయకుడికి దండం పెట్టాడు.

"ఏం పనితనం నాయకా! ఇంత శుభ్రంగా కొట్టించిన చేను నా జన్మలో చూడలేదు. మీవల్ల తప్ప ఇంకొకరివల్ల అయ్యే పనా ఇది?"

దళవాయి సిగ్గుపడుతూ మీసం సవరించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. రాజు చివాలున లేచాడు.

"వీడా? ముళ్లు గుచ్చుకుంటాయని గట్టు దిగనే లేదు వీడు! కొట్టించింది నేను! అదిగో, ఆ నైరుతి మూల ఎండెక్కేదాకా నడుంలోతు మొక్కల్లో నిలబడింది నేను!"

"మరి మిగతా చేలోనో ప్రభూ?"

"అటు అడుగే పెట్టలేదు. అటు కూలీలే చూసుకున్నారు."

పోలన్న వంగి, రాజుగారి పట్టుబట్ట అంచుకు అంటుకున్న ముళ్లకాయ ఒకటి పీకాడు.

"మరులమాతంగి కాయ ఇది. అడుగున తడి ఉంటే తప్ప ఈ మొక్క నడుందాకా ఎదగదు. బావి ఆ మూలే తవ్వించండి ప్రభూ. శాసనం తప్పలేదు. ఏలినవారి బట్టలు తగలబెట్టమని అందులో లేదుగదా!"

రాజు తన అంచు చూసుకున్నాడు. ఇంకో పాతిక కాయలున్నాయి.

"దొంగవెధవా! నా ముందే దళవాయిని పొగిడావా?"

"వేరే దారి లేకపోయింది ప్రభూ. మొక్కలన్నీ తీయించేశారు. ఏలినవారి అసూయ ఒక్కటే వేళ్లతో సహా మిగిలింది. దాన్నే పరీక్షించాను."

దళవాయి రెండడుగులు వెనక్కి వేశాడు. రాజు గుడ్లురిమాడు, పెదవి బిగించాడు, ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కంకణం తీసి పోలన్నకు తొడిగాడు. మాన్యం రెట్టింపు చేశాడు. గొలుసు దారి వరకే కొట్టాలని శాసనం మార్పించాడు.

ఆ సాయంత్రం రాణికి ఈ కథంతా రాజే స్వయంగా చెప్పాడు, పోలన్న తనకన్నా బాగా చెబుతాడేమోనని.