మీసం లేనివారికి వక్క లేదు

మల్లెకోన రాజు ప్రోలభూపాలుడు ఒక ఉదయం నిండు సభలో తాంబూలం నోట్లో పెట్టుకుని, ముఖం చిట్లించి, తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇది తమలపాకా, తాటాకా? నాలుక గీరుకుపోయింది!"

తాంబూలం చుట్టి ఇచ్చే నాంచారి తొణకలేదు.

"ఆకు మా తోటదే ప్రభూ. దిగువపేటకి కాలువ నీళ్లు రాక నెల దాటింది. నీళ్లు పంచాల్సిన నీటిపెద్ద సింగరాజుగారి చెరకుతోటే అన్నీ తాగేస్తోంది. ఇలాగే ఉంటే మా తీగలు కూడా మిగలవు."

సింగరాజు మంత్రి భైరవయ్యకి స్వయానా బావమరిది. అందుకే ఇన్నాళ్లూ ఎవరూ నోరు విప్పలేదు. రాజుగారికి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆయన దేనికైనా ఓర్చుకుంటాడు గాని తాంబూలం చెడితే ఊరుకోడు.

"ఇకమీదట నీటిపెద్దని జనమే ఎన్నుకుంటారు! సింగరాజుకో కుండ, పోటీకొచ్చేవాడికో కుండ. తలకో వక్క. ఎక్కువ వక్కలు పడ్డవాడే నీటిపెద్ద. మొదటి వక్క నాది!"

పోటీకి దిగువపేట సాలె దేసన్న నిలబడ్డాడు. తోట గట్టెక్కినట్టేనని నాంచారి పొంగిపోయింది. ఆ పొంగు సాయంత్రం దాకా నిలవలేదు.

భైరవయ్య రాజుగారి నోటినిండా తాంబూలం ఉన్న సమయం చూసి చల్లగా అడిగాడు.

"ప్రభూ, ఎవరుపడితే వాళ్లు వక్క వేస్తే ఏం మర్యాద? వేసేవాడికి మీసం ఉండాలి. సొంత భూమి ఉండాలి. నేనడిగే ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఏ ఒక్కటి లేకపోయినా, ఎంతటివాడైనా సరే, గెంటెయ్యడమే. సమ్మతమేనా?"

"ఊఁ" అన్నాడు రాజు. నోరు తెరిస్తే పట్టుపంచె పాడవుతుంది మరి. మల్లెకోనలో సగం చట్టాలు ఇలా పుట్టినవే.

నాంచారి మంత్రి వెంట పరుగెత్తింది.

"అయ్యగారూ, కాలువలో బిందె ముంచేది మేము, తోట తడిపేది మేము. ఆడవాళ్లకి వక్క లేదా?"

"ఎందుకు లేదే? మీసం మొలిపించుకుని రా!"

"మా పేట సాలెవాళ్లకి మీసాలున్నాయి కదా?"

"భూమి లేదుగా."

"ఏటి అవతల గూడెంవాళ్లకి మీసాలూ ఉన్నాయి, భూమీ ఉంది."

"వాళ్లకోసమే ప్రశ్న పెట్టాను. ఏట్లో ఇసుక రేణువులెన్ని?"

"మరి మీ బావమరిదిని ఏమడుగుతారు?"

"భోజనమైందా అని."

నాంచారికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తిరిగొచ్చేసరికి రాజు అద్దం ముందు కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. ఆ మీసాన్ని చూస్తూ చూస్తూ ఆమె ఏడుపు ఆపేసింది.

"ప్రభూ, కాలువ తవ్వించినప్పుడు కోనస్వామికి తలనీలాలు మొక్కుకున్నారు. అది తీరకే నీళ్లు రావడం లేదని పేటంతా ఒకటే గుసగుస."

రాజు గతుక్కుమన్నాడు. "జుట్టు ఇస్తానే. మీసం కూడానా?"

"స్వామి దగ్గర బేరాలా ప్రభూ? వక్కలు వేసే రోజే తీర్చేసుకోండి. గుడి కుండలు పెట్టే మైదానం పక్కనేగా."

కోనస్వామి మొక్కంటే కిరీటం, నగలు, పరివారం ఏవీ కూడదు. ఆ రోజు రాజు ముతక పంచె కట్టుకుని వట్టికాళ్లతో గుడికి నడిచాడు. వెంట తాంబూలం పెట్టెతో నాంచారి ఒక్కతే. జుట్టు పోయింది. మీసం పోయింది. గుండు మీంచి గడ్డం దాకా గంధం పూశారు. పోయిన మీసం కోసం రాజుగారి చెయ్యి పెదవి మీద ఊరికే తడుముకుంటోంది, పాపం.

"దిగులుపడకండి ప్రభూ" అంటూ నాంచారి పిడికెడు తాంబూలం ఆయన నోట్లో కుక్కింది.

మైదానంలోకి వెళ్లే దారి దగ్గర భైరవయ్య వక్కల బుట్టతో కూర్చున్నాడు. మనిషి ముఖం చూసే అలవాటు ఆయన ఎప్పుడో మానేశాడు. మెడలో హారం ఉందో లేదో చూస్తాడంతే.

"ఏమయ్యా బోడిగుండూ, మీసమేది?"

"ఊఁ!" అన్నాడు రాజు, బుగ్గలు ఉబ్బించి.

"సొంత భూమి ఉందా?"

రాజు ఒక్కక్షణం ఆలోచించి, లేదని తల ఊపాడు. రాజ్యమంతా కోనస్వామిదనీ, తాను ఆయన బంటుననీ రోజూ సభలో చెప్పే మనిషి స్వామి మొక్కునాడు అబద్ధమాడతాడా?

"పోనీ ఏట్లో ఇసుక రేణువులెన్నో చెప్పు."

"ఊఁ! ఊఁ!"

"మీసం లేదు, భూమి లేదు, నోట్లోంచి మాట లేదు. వీడికి వక్క కావాలట! గెంటండ్రా!"

భటులు రాజుగారి మెడమీద చెయ్యి వేశారు. నాంచారి చటుక్కున పెట్టెలోంచి పళ్లెం తీసి పట్టింది. రాజు తాంబూలం ఉమ్మేసి గర్జించాడు.

"భైరవయ్యా!"

ఆ గొంతు వినగానే బుట్ట బోర్లాపడి వక్కలన్నీ దొర్లిపోయాయి. మంత్రి వాటి మధ్యే సాష్టాంగపడ్డాడు.

"ప్రభూ! తమరని తెలియక..."

నాంచారి చేతులు కట్టుకుని వినయంగా అంది:

"మంత్రిగారి తప్పేం లేదు ప్రభూ. ఆయన లెక్క ప్రకారం తమరు రాజ్యం ఏలడానికి పనికొస్తారు గాని, కుండలో వక్క వెయ్యడానికి పనికిరారు!"

జనం బిక్కచచ్చిపోయి రాజు వంక చూశారు. రాజు గుండు తడుముకున్నాడు, లేని మీసం తడుముకున్నాడు, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు. మైదానమంతా గొల్లుమంది.

"మూడు నిబంధనలూ రద్దు! కాలువ నీళ్లు తాగే ప్రతివారికీ ఒక వక్క. ఆడ, మగ, పేట, గూడెం, అందరికీ! ముందు ఈ భైరవయ్య మీసం గొరగండి."

"వద్దు ప్రభూ, ఉండనివ్వండి" అంది నాంచారి.

"ఎందుకే?"

"పాపం, ఆయనకున్న అర్హత అదొక్కటే!"

రాజు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. కింద దొర్లుతున్న వక్క ఒకటి స్వయంగా వంగి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదే నీకు బహుమానం. మొదటి వక్క నీది. నేను నీ వెనక నిలబడతాను."

నాంచారి కొంగుతో వక్క తుడిచి, సింగరాజు కుండ పక్కనుంచి నింపాదిగా నడిచి, దేసన్న కుండలో టంగుమని వేసింది.