ఉగ్గుగిన్నెడు ఆముదం

గోవర్ధనానికి భయం పోయింది. ఆ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు, ఎందుకంటే ఇంటింటికీ వెళ్ళి అతనే చెప్పాడు.

నేతపని చేసుకుంటూ తత్వం బోధించే అచ్చయ్యగారి దగ్గర పదకొండేళ్ళు శిష్యరికం చేశాడు. పగలు మగ్గం, సాయంత్రం తత్వాలు. ఇప్పుడు ఏటి అవతల కొత్తరేవు వాళ్ళు తమకో గురువు కావాలని కబురు పెట్టారు. అచ్చయ్యగారు తన కండువా తీసి ఎవరి భుజాన వేస్తే వాళ్ళు వెళ్ళాలి. గోవర్ధనం వారం రోజులుగా తువ్వాలు కూడా వేసుకోకుండా భుజం ఖాళీగా పెట్టుకుని తిరుగుతున్నాడు.

కండువా మాత్రం రాలేదు.

ఇక ఆగలేక ఒక పొద్దున్నే వచ్చి గురువుగారి ఎదుట కూర్చున్నాడు. పట్నంలో ఒక డాక్టరు ఉపన్యాసం విన్నాడట. మెదడులో, చెవికి బాగా లోపల, బాదంగింజంత ముక్క ఒకటుందట. పేరు అమిగ్డలా. మనిషి ఆలోచించుకునే లోపే కంగారుపడేది అదేనట. చిన్నప్పుడు తగిలిన దెబ్బా, ముక్కుకి తగిలిన వాసనా మనం మరిచిపోయినా అది మరిచిపోదట. కాలూ చెయ్యీ ముందు దాని మాటే వింటాయట.

"నాది మాత్రం నోరు మూసేసుకుందండీ," అన్నాడు గోవర్ధనం. "మొన్న నాగుపాము ఎదురైతే కదల్లేదు."

ఆ పాము చచ్చి రెండు రోజులైందని చూసినవాళ్ళంటారు. అది వేరే సంగతి.

అచ్చయ్యగారు లోపలికి ఒక కేక వేశారు. కోడలు మాణిక్యమ్మ వెచ్చబెట్టిన ఆముదమూ, పసిపిల్లలకి పాలుపట్టే ఉగ్గుగిన్నే తెచ్చి అక్కడ పెట్టింది. ఆయన గిన్నెలోకి నెమ్మదిగా ఆముదం వంచి, గిన్నె ముక్కుని బొటనవేలితో తుడిచారు.

గోవర్ధనానికి వాసన తగలడం వరకే గుర్తుంది. తర్వాత గుర్తున్నది, తాను దడి అవతల ముళ్ళకంపలో పళ్ళు బిగించుకుని నిలబడి ఉండటం. పంచె సగం దడి మీదే ఉంది. వయసు నలభై మూడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆదివారం పొద్దున్నే అతన్ని కాళ్ళమధ్య ఇరికించుకుని, ముక్కు మూసి, ఆముదం పట్టించేది. ఆవిడ చేతికి చిక్కనివాళ్ళు ఆ ఇంట్లో లేరు, వాళ్ళ నాన్నతో సహా.

పంచె విడిపించుకుని, చిరుగు కనబడకుండా మడిచి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. గేదె తాడు తెంచుకున్న చప్పుడైందనీ, పట్టుకుందామని వెళ్ళాననీ చెప్పాడు.

"గేదెని కిందటేడే అమ్మేశాం కదన్నా," అంది మాణిక్యమ్మ.

గోవర్ధనం తల వంచుకున్నాడు. కొత్తరేవు ఇక కలలో మాటేనని అర్థమైంది. అయినా ఒక్కటి తేల్చుకోవాలనిపించింది.

"అది నాకు పట్టించడానికేనా అండీ?"

"నీకెందుకురా? నాకు. రెండ్రోజులుగా కడుపు బిగిసింది."

మామూలు గ్లాసుతో ఇస్తే మామగారు సగం వాకిట్లో పారబోస్తారని కోడలి అనుభవం. అందుకే ఉగ్గుగిన్నె.

ఎనభై ఏళ్ళ మనిషి గిన్నె ఎత్తారు. దించారు. మళ్ళీ ఎత్తి, ఎండ ఎక్కాక తాగితే మంచిదేమో అని గొణిగారు. మాణిక్యమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి ఎడమచేత్తో ముక్కు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గటుక్కున మింగారు. అరికాళ్ళ దాకా ఒళ్ళు జలదరించింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

గోవర్ధనం తెల్లబోయి చూశాడు. "మీకు కూడానా అండీ?"

ఆయన, కోడలు ఇచ్చిన బెల్లంముక్క బుగ్గన పెట్టుకుని చాలాసేపు చప్పరించారు. తర్వాత భుజం మీది కండువా తీశారు. మూతి తుడుచుకోవడానికేమో అనుకున్నాడు గోవర్ధనం. మూతీ తుడుచుకున్నారు. తుడుచుకున్న కొసని లోపలికి మడిచి, దాన్ని అతని భుజాన వేశారు.

"అక్కడికెళ్ళి భయం పోయిందని చెప్పకు," అన్నారు. "దడి దూకానని చెప్పు."