వంద గజాల్లో ఇల్లుండకూడదు

గుట్టకింద ఓబులేసు ఇంట్లో ముగ్గురే మనుషులు. ఓబులేసు, అతని పెళ్ళాం మారెక్క, తమ్ముడు సుంకన్న. చెప్పింది చెప్పినట్టు చేసే తెలివి మండలం మొత్తంమీద తమకు మాత్రమే ఉందని ముగ్గురికీ గొప్ప నమ్మకం. ఒకసారి బస్సులో 'చేతులు బయట పెట్టరాదు' అని రాసుంటే, సుంకన్న బస్సు దిగినాక కూడా చేతులు చొక్కాలో దాచుకొనే ఇల్లు చేరాడు. తలుపు కూడా నెత్తితోనే తట్టాడు. ఆ సంగతి ఓబులేసు ఇప్పటికీ నలుగురిలో చెప్పుకొని మురిసిపోతుంటాడు.

మారెక్క ప్రాణమంతా నలభై చీని చెట్ల మీదే, అదే బత్తాయి చెట్ల మీదే. ఆరేళ్ళు వంకలోంచి బిందెలతో నీళ్ళు మోసి పెంచింది. ఈ ఏడు వంక ఎండిపోయింది. బోరులో నీళ్ళున్నాయి గానీ, ఆ పొలానికి కరెంటు లైను లేదు. ఆకులు ముడుచుకుంటున్నాయి. ఇంకో రెండు నెలలు ఇట్లాగే ఉంటే చెట్లన్నీ పొయ్యిలోకే. గుట్ట మీదనుంచి గాలి మాత్రం తలగుడ్డ నిలవనీయదు. ఒక గాలిమర పెట్టుకుంటే మోటరు తిరుగుతుంది, చెట్లు బతుకుతాయి.

ఇంతకుముందు ఒకసారి అర్జీ పెట్టుకున్నారు పాపం. అప్పట్లో ఆ కాగితం పదకొండు ఆఫీసులు తిరిగి రావాలి. ఐదో ఆఫీసు దాకా పోయింది, మళ్ళీ దాని మొహం ఎవరూ చూడలేదు.

ఇప్పుడు నిబంధనలు మార్చారు. ప్లానింగు ఆఫీసరు గోవర్ధనం గారు తనే పొలానికి వచ్చాడు. గాలి బాగా తగిలేచోట ఎర్రరంగు మేకు పాతి, నింపాదిగా చెప్పాడు.

"ఇప్పుడంతా సులువయ్యా. గాలిమర పెడుతున్నామని ఈ బోర్డు నెల రోజులు అందరికీ కనబడేలా పెట్టండి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే. మేకుకు వంద గజాల్లోపల ఇల్లుండకూడదు. నాకు చెప్పకుండా మేకు కదపొద్దు. అంతే."

"అంతేనా సారూ?" అన్నాడు ఓబులేసు.

"అంతే."

ఇంకేముంది, సుంకన్న బోర్డు మెడకు తగిలించుకున్నాడు. అందరికీ కనబడాలంటే ఒకచోట పాతితే ఎట్లా కుదురుతుంది మరి? మంగలి దుకాణంలో సగం గడ్డంతో కూచున్నవాడికీ అద్దానికీ మధ్య నిలబడ్డాడు. పెళ్ళికిపోయి, తాళి కట్టేవేళ పెళ్ళికొడుకు ముందు బోర్డు పెట్టాడు. మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళను తట్టి లేపి, "చూస్తివా అన్నా? మళ్ళీ చూడలేదనొద్దు" అన్నాడు. తొమ్మిదో రోజు మంగలి ఆఫీసుకు కాగితం రాశాడు. 'గాలిమరకు నాకు అభ్యంతరం లేదు. బోర్డుకు ఉంది' అని.

అభ్యంతరం వచ్చిందని తెలిసి మారెక్క చెట్టు మొదట్లో కూలబడి ఏడ్చింది. ఆఫీసరు ఆ కాగితం మూడుసార్లు చదివి, ఇది గాలిమర సంగతి కాదని కొట్టేశాడు. బోర్డు రోడ్డు పక్కన పాతమని, ఇంటికి దూరం కొలుచుకోమని కబురు పంపాడు.

కొలిచారు. తొంభైరెండు గజాలొచ్చింది. ఎనిమిది తక్కువ.

మేకు ఎనిమిది గజాలు అవతలికి జరపండి సారూ అని ఒక్కమాట అడిగితే తీరిపోయేది. మీకు తట్టింది, నాకూ తట్టింది. వాళ్ళకు తట్టదే!

"సారు మేకు కదపొద్దన్నాడు. ఇల్లు కదపొద్దనలేదు" అన్నాడు ఓబులేసు.

"మా అన్న బుర్రే బుర్ర" అన్నాడు సుంకన్న.

అంతే, గడ్డపారలు తీశారు. ఎనిమిది గజాల మేర వంటిల్లు పడగొట్టారు. దూలం ఆ గోడమీదే ఆనుకొని ఉండింది కాబట్టి మిగతా ఇల్లు తనంతట తానే కూలింది. పని తగ్గిందని ముగ్గురూ సంతోషపడి, సామాను మోసుకొని చీని చెట్ల కిందికి చేరారు. పొయ్యి ఒక చెట్టు కింద, మంచాలు ఇంకో చెట్టు కింద, బట్టలు కొమ్మలమీద.

ఇరవై ఎనిమిదో రోజు ఆఫీసరు తనిఖీకి వచ్చి రాళ్ళకుప్ప చూశాడు. కాసేపు ఆ రాళ్ళమీదే కూచున్నాడు.

"ఇల్లేదయ్యా?"

"తీసేసినాం సారూ. అడ్డమొచ్చింది."

"మరి యాడుంటున్నారు?"

"చెట్ల కింద."

ఆఫీసరు పొయ్యినీ, కొమ్మలమీది చీరనీ చూసి నిట్టూర్చాడు. "అయితే ఇప్పుడు ఇదే మీ ఇల్లన్నమాట. సరే, ఎల్లుండికల్లా అనుమతి పంపిస్తాను" అని వెళ్ళిపోయాడు.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. మేకునుంచి చెట్లకు కొలిచారు. నలభై గజాలు కూడా లేదు.

"మనం లేచి అవతలికి పోతే?" అన్నాడు సుంకన్న.

"మనం పోతే ఇల్లు పోతాదా? సంతకు పోయినప్పుడు ఇల్లు ఇక్కడే ఉండలేదా?" అన్నాడు ఓబులేసు.

మారెక్క లేచి ఒక్కో చెట్టునూ తడిమింది. కళ్ళు తుడుచుకుంది.

"చెట్లు బతకాలంటే గాలిమర రావాల. గాలిమర రావాలంటే ఇల్లుండకూడదు. గొడ్డలి తే సుంకన్నా" అంది.

రెండు రోజులు కొట్టారు.

అనుమతి అన్న రోజుకే వచ్చింది. అప్పట్లో ఐదు ఆఫీసులు తిరిగినా రానిది నెలలో వచ్చేసింది. ఇంకో మూడు వారాలకు గాలిమర లేచింది, మోటరు తిరిగింది, బోరునుంచి నీళ్ళు తొడలావున దూకాయి. చూసిపోదామని ఆఫీసరు వచ్చాడు. మారెక్క పార పట్టుకొని కాలవ తిప్పుతోంది. ఒక పాదు నిండగానే ఇంకో పాదుకు మళ్ళిస్తోంది. పాదుల్లో మోకాలెత్తు మొద్దులు తప్ప ఏమీ లేవు.

"చెట్లేవమ్మా?" అన్నాడాయన.

"అవి ఉంటే గాలిమర రానియ్యరు కద సారూ."

ఆఫీసరు పారుతున్న కాలవకేసి చూశాడు. "మరి ఈ నీళ్ళు దేనికమ్మా?"

మారెక్క ఆయన్ను జాలిగా చూసింది, ఇంత చదువుకున్నాయనకు ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

"చెట్లకు సారూ" అని, నీళ్ళు ఇంకో మొద్దుకు మళ్ళించింది.